పసుపు పోయిన దారి

ఉగాది లోపల నీళ్లు నింపిస్త అన్నడు
వల్లెపు సాయన్న, అడ్వాన్సు జేబుల పెట్టుకుంట.
ఏ ఉగాదో అడగకపోవుడు నాదే తప్పు.

బాదేపల్లి శివార్ల, ఇంటెనుక,
ఇరవై నాలుగడుగుల పొడువు, పన్నెండు వెడల్పు
ముగ్గుపిండితోటి గీత గీసిన రోజు
కాలనీ అంత గోడ మీదికెల్లి తొంగిచూసింది.
"సంపా మేడం?"
కాదు.
"చేపలు పెంచుతరా?"
కాదు, ఈతకు.
"ఎవరికి?"
నాకు.
ఇగ ఎవ్వరు ఏం అడగలె.

నాలుగడుగుల కింద రాయి తగిలింది.
జేసీబీ పండ్లు రెండు ఇరిగినయి,
డ్రైవర్ బిల్లు నా దిక్కు చాపిండు.
సాయన్న దిగి, రాయిని అరచేత్తోటి తట్టి,
బర్రె పండ్లు చూసి ఈడు చెప్పినట్టు
"ఇది మీ ఒక్కరి రాయి గాదు మేడం,
పక్క ఊరి దాంక ఉన్నది" అన్నడు.
కంప్రెషర్ పది దినాలు మొత్తుకున్నది.
అల్మారల గిన్నెలు మొత్తుకున్నయి.

ముప్పై ఏండ్లు ట్రెజరీల బిల్లులు ఆపిన దాన్ని.
ఈ సంతకం లేదు, ఆ ముద్ర లేదని
ఎంతమందిని రేపు రమ్మన్ననో
ఆ రేపులన్ని ఇప్పుడు నా గేటు ముందర కూసున్నయి.
జహంగీర్ పైపులతోటి రేపొస్తడు.
డెక్కు చెక్క కోసే సోమాచారి
మేనల్లుని లగ్గం కాంగనే వస్తడు;
ఆయనకు మేనల్లుళ్లు ఎంతమందో
ఎండకాలం ఒడిసేదాంక నాకు తెల్వలె.
టైల్సు రాంసూరత్ ఏం చెప్పడు, వస్తడు.
బుక్కుల ఆయన పేరు పక్కన
అనుమానంతోటి చుక్క పెట్టుకున్న.

రోహిణి కార్తెల నీళ్లు పెట్టినం.
గోడకు బొగ్గుతోటి గీత గీసి పండుకున్న.
తెల్లారి చూస్తె
గీతకు బెత్తెడు కింద ఉన్నయి నీళ్లు.
టైల్సు పైపును అన్నది, పైపు సిమెంటును అన్నది,
సిమెంటు రాయిని అన్నది.
రాయి ఒక్కటే ఏమనలె.

నలుగురు గట్టు మీద చాయ్ తాగుకుంట లొల్లి పెడుతుంటె
తట్ట మోసే ఈదమ్మ వంటింటి కాడికొచ్చి
"ఇంత పసుపు పెట్టు" అన్నది.
దెబ్బ తాకిందేమో అనుకున్న.
కొంగు దోపి, నడుముల్లోతు దిగి,
పిడికిలి నీళ్లల్ల ఇప్పింది, బిడ్డకు తల పోసినంత మెల్లగ.
"కదలకుండ్రి."
నలుగురి చాయ్ నలుగురి చేతుల్ల ఆగింది.
పచ్చటి మబ్బొకటి తేలింది, ఆలోచించింది,
సాగి సాగి దారమయ్యి
లైటు పెట్టిన గూడు మూలకు పోయి దూరింది.
"అగో."

ఏడ నేర్చుకున్నవ్ అంటె
"షోలాపూర్ దిక్కు, తూము పనిల" అన్నది.
ఏమిచ్చిండ్రు అంటె
"కూలి."

రాత్రి బుక్కు తెరిస్తె ఈదమ్మ అన్న పేరే లేదు.
'ఆడ కూలి, ఇద్దరు' అని ఉన్నది.
రాసింది సాయన్న కాదు, నేనే.
ఎర్ర పెన్ను తీసి కొట్టేసిన.
పేరు రాసి, పక్కన మగకూలి ఏసిన,
మొదటి తట్ట ఎత్తిన దినం నుంచి.
ఇంకో పేరు తెల్వక జాగ ఇడిసిన, తెల్లారి అడిగి రాసిన: బాలకిష్టమ్మ.
"గిట్ల చేస్తె రేపు అందరు అడుగుతరు" అని సాయన్న గులిగిండు.
రేపే కద, అన్న.

మిరుగం తొలి చినుకులు పడ్డయి.
డెక్కుకు ఆరు చెక్కలు తక్కువ, ఇంకో మేనల్లుడు ఉన్నడట.
ఆ సందులకెల్లి కాళ్లు ఏలాడేసి కూసున్నది ఈదమ్మ,
పైసలకొచ్చి, పోబుద్ధి గాక.
"ఎన్ని తవ్వినమో. నిండెటాళ్లకు ఇంకో ఊర్ల ఉంటుంటిమి.
నిండంగ చూసుడు ఇదే."

నేను మెడల్లోతుల, నిచ్చెన పట్టుకొని ఉన్న.
ఈత రాదని అప్పటిదాంక ఎవ్వరికి చెప్పలె.
"చెయ్యి ఇడువు" అన్నది.
ఒకటి ఇడిసిన.
రెండోది, సోమాచారి వచ్చినంక.