దుగ్గిరాల బురద

కాలవ కింద చేలో మోకాలిలోతు దిగి
వరి దుబ్బు కదిపితే
బుడబుడా మీథేను.
"చేను తేన్చింది" అంది మస్తానమ్మ.

ఐసు డబ్బా ఒళ్ళో పెట్టుకుని గుంటూరు బస్సెక్కాను.
కండక్టరు వాసన పట్టి,
"రొయ్యలా మేడం?"
కాదు, గాలి తినేవాళ్ళు.

మూడు రాత్రులు మిషను చదివింది,
ఏ టీ జీ సీ, నాలుగే అక్షరాలు.
వత్తుల్లేవు, గుణింతాల్లేవు.
అయినా గోరంత బురదలో
రెండొందల పైచిలుకు వంశాలు.
సగానికి పేర్లే లేవు.
పట్టికలో ఖాళీగా వదిలేశాను,
కౌలు కార్డులో మస్తానమ్మ గడిలా.

ఫోనులో చెప్పాను:
నీ చేలో ఎవరికీ కనపడకుండా
తినేవాళ్ళు బోలెడంతమంది.
"అది నీ మిషను చెప్పాలా?" అంది,
వడ్డీ లెక్క మధ్యలో ఆపి.

వీళ్ళు తినేది చేను తేన్పునే
అని చెప్పేలోపు
లైను పోయింది.