గోడకు తిరిగిన వైపు

బొమ్మలు నాకు కొలతల్లోనే తెలుసు.
ఇరవైనాలుగు ముప్పైయారు, అర్ధంగుళం టేకు బద్ద.
పద్దెనిమిది పద్దెనిమిది, బంగారు రంగు ఫైబరు, అద్దం వద్దు.
అనంతపురం పాతూరులో
మేకులమ్మే అంగడి పక్కన
ఏడడుగుల వెడల్పు షాపు నాది,
కుళ్ళాయప్ప ఫ్రేం వర్క్స్.
దేవుళ్ళూ, పోయినోళ్ళూ, పదో తరగతి ఫస్టు ర్యాంకులూ
అందరూ నా అద్దం కిందికి రావాల్సిందే.

ఈసారి అవార్డులొచ్చిన బొమ్మలంట.
చుట్టుపక్కల జిల్లాలవి ముప్పైయొకటి.
లైబ్రరీ మీది హాల్లో మూడు దినాలు పెడతారంట.
దుప్పట్లు చుట్టి ఆటోలో దించినారు.

మీరు చూసేది ముఖం.
నాకు ముందు కనబడేది వీపు.
మేకు కొట్టేది అక్కడే, దారం కట్టేది అక్కడే,
ఆఖర్న ఖాకీ కాగితం అతికించి
దుమ్ము చొరబడకుండా మూసేదీ అక్కడే.
ఒకాయన కొండల వెనక మందుల చీటీ ఉండె.
ఒకమ్మాయి అదే ముక్కు మూడుసార్లు గీసి కొట్టేసుకునుండె.
పోయినేడు పెద్ద బహుమతి గెల్చిన గుర్రం వెనక
పాల లెక్క,
పద్దెనిమిదో తేదీకి సున్నా చుట్టి.

వన్నూరమ్మది గుడ్డ కాదు, చెక్క.
కూడేరు దిక్కు బడిలో డ్రాయింగు టీచరు ఆయమ్మ.
పాత బీరువా తలుపు ఊడదీసి దానిమీదే వేసింది.
కీళ్ళు పీకిన బొక్కలు రెండూ అట్లే ఉన్నాయి.
బొమ్మ పేరు 'బోరు'. రెండో బహుమతి.
ఎర్రనేల. నడుమ ఇనుప పైపు.
పైపు మీద బోర్లించిన తట్ట,
తట్ట మీద రాయి.
ఆకాశం లేదు.
కొలత చాల్లేదేమో అనుకున్నా.

తిప్పితే
వడ్రంగి పెన్సిలు, లావు అక్షరాలు:

చింతచెట్టు కాడ 210. రాయి.
దొడ్డి ఎనక 340. తేమ. మల్లా దుమ్ము.
మామ చెప్పిన చోట 465. అర ఇంచు, వారం దినాలు.
తూరుపు గట్టు 610.

610 పక్కన ఏమీ లేదు.
పెన్సిలు మొన విరిగిన గుంట ఒకటి.

ఖాకీ కాగితం కోసి పెట్టుకున్నా.
మైదా గంజి కాచి పెట్టుకున్నా.
చేయి రాలే.
గంజి ఎండి గిన్నెకు పట్టి
ఇంట్లో తిట్లు తిన్నా.

మొదటి దినం, పదకొండుకు ముఖ్య అతిథి.
తొమ్మిదిన్నరకే వచ్చినాడు తిప్పేస్వామి,
చేతిలో ప్లాస్టిక్ కవరు, భుజాన బస్సు దుమ్ము.
"ఏమప్పా, మా బీరువా తలుపు యాడుందిప్పా?"
చూపించినా.
"ఈ రాయి మాది కాదు, మాది ఇంతకన్నా చిన్నది" అన్నాడు.
ఇంక ముఖం దిక్కు చూడలే.
గోడకూ చెక్కకూ నడుమ సందులోకి
చెంప ఆనించి చూడబోయినాడు.
"నా లెక్క ఉండల్ల దీనికి. పాప చెరిపేసిందా?"

కొక్కెం తీసి, తిప్పి, కుర్చీకి ఆనించినా.
వేలు పెట్టి పైనుంచి కిందికి చదివినాడు,
బ్యాంకు మేనేజరు కాగితం చూసినట్టు.
610 కాడ ఆగినాడు.
పెన్సిలుందా అన్నాడు.
నా చెవి మీదే ఉంది, ఎప్పుడూ ఉంటుంది.
ముట్టరాదని బోర్డుంది, నేనే కొట్టిన బోర్డు.
ఇచ్చినా.

610 పక్కన రాసినాడు:
ఎద్దులు.

వాకిలి కాడ వన్నూరమ్మ నిలబడుంది,
కొత్త చీర, సేఫ్టీ పిన్నుకు అతిథి బ్యాడ్జీ.
ఎంతసేపైందో వచ్చి.
అరుస్తుందనుకున్నా.
"తేదీ గూడా ఎయ్యి నాయనా" అనింది.
"తేదీ గుర్తులేదు పోమ్మా."

అంతలో కారు హారను, పూలదండలు, యూనిఫారాల పిల్లోళ్ళు.
కమిటీ వాళ్ళు పరుగున వచ్చి
బొమ్మను ముఖం దిక్కు తిప్పి తగిలించినారు, కొంచెం వంకరగా.
ముఖ్య అతిథి ఎర్రనేల ముందు ఫోటో దిగినాడు.
బాగుంది, మన మట్టి వాసనొస్తాంది అన్నాడు.
వచ్చేది టర్పంటైను వాసన.
తిప్పేస్వామి మెట్ల మీద కూర్చుని
కవర్లో బుడ్డలు తీసి ఒలుచుకుంటా ఉన్నాడు.

నాలుగో దినం బిల్లు రాసినా.
ఖాకీ కాగితం, ముప్పై బొమ్మలకు, ఒక్కోటి ఇరవై.
ట్రెజరరు లెక్క పట్టుకున్నాడు:
"ముప్పైయొకటి కదా.
ఒకదానికి మర్చిపోయినావా కుళ్ళాయప్పా?"

ఊఁ అన్నా.