సిగరెట్ కాగితం

నవంబరు. లా సార్ ఊరి బయట షెడ్డు.
పొయ్యిలో బర్చ్ కట్టె అంటుకునేదాకా
ఇనుము ముట్టుకోకు, లోయిక్.
వేలు అతుక్కుపోతుంది,
ఒక పొర అక్కడే వదిలి రావాలి.
ముందు పానాల్ని పొయ్యి పక్కకి జరుపు.
వాటికి చలి విడిచాకే మన పని.

ఈ మంచుబండి నాకంటే రెండేళ్ళు చిన్నది.
పసుపు రంగు వెలిసి వెన్నరంగుకొచ్చింది.
ఇంజను ఆస్ట్రియాది, మిల్లీమీటర్ల లెక్క.
చట్రం ఇక్కడిది, అంగుళాల లెక్క.
మధ్యలో ఎవరో పుణ్యాత్ముడు
ట్రాక్టరు బోల్టు ఒకటి దూర్చాడు.
సరిపోయినట్టే ఉండే పానాని నమ్మకు.
వెంట్రుకవాసి వదులు చాలు
ఆరు మూలలూ అరిగి గుండ్రమైపోవడానికి.
ఆ తర్వాత అది బోల్టు కాదు, తగువు.

కొనేటప్పుడు మెరుపు చూడకు.
ఒకసారి చవకని ఒక పుల్లర్ కొన్నాను.
మూడో చుట్టుకే దాని మరలు నలిగి
ఫ్లైవీల్ మరల్ని కూడా వెంట తీసుకుపోయాయి.
మిగిలిన పన్నెండు డాలర్లతో
ఆ చలికాలమంతా బండి లేకుండా గడిపాను.

గోడ మీద తెల్లరంగుతో గీసిన ఆకారాలు చూశావా,
దేని చోటు దానిది.
ఆ ఖాళీ గీత రొజేర్ పట్టుకెళ్ళిన క్లచ్ పుల్లర్ది,
రేపిస్తానన్నాడు, పదిహేనేళ్ళయింది.
రొజేర్ బతికే ఉన్నాడు. చర్చిలో కనపడతాడు.
ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకుంటాం.

టార్క్ పానాని సాయంత్రం అడుగు గీతకి దించు.
బిగింపుతో రాత్రంతా పడుకున్న స్ప్రింగు
పొద్దున అబద్ధం చెబుతుంది.
ఆకురాయిని ముందుకే నెట్టు,
వెనక్కొచ్చేటప్పుడు ఎత్తు.
సుద్దముక్క రుద్దావంటే
పళ్ళ సందుల్లో రజను ఇరుక్కోదు.
పిస్టన్ ఆపడానికి ఇనుపకడ్డీ వద్దు,
ప్లగ్గు రంధ్రంలోంచి నూలుతాడు దించు,
కిటికీలు మూసుకున్నాకే సుమా.
కొస బయట ఉంచు.
ఎందుకని అడగకు. ఒకరోజు మొత్తం పోయింది.

ఇక ఆ అడుగు సొరుగు.

ఎల్జెయార్ సిగరెట్లు మానేసిన ఏడు
కాగితాలు కొనడం మాత్రం మానలేదు.
కోటు జేబులో పొట్లం దొరికి
ఫెర్నాండ్ వారం రోజులు అతనితో మాట్లాడలేదు.
కోటు వాసన చూసింది, చొక్కా చూసింది,
గ్రీజు తప్ప ఏమీ తగల్లేదు,
కోపం ఇంకా పెరిగింది.
చివరికి చెయ్యి పట్టుకుని ఈ షెడ్డులోకి తీసుకొచ్చాడు.
పాయింట్ల నడుమ ఒక కాగితం పెట్టి
కొస ఆవిడ వేళ్ళకిచ్చాడు.
"మెల్లగా లాగుతూ ఉండు. వదిలినప్పుడు చెప్పు."
ఫ్లైవీల్ని అరచేత్తో తిప్పాడు, చీమ నడకలా.
కాగితం పట్టుకునే ఉంది, పట్టుకునే ఉంది,
జారింది.
"ఇప్పుడు," అందావిడ.
వంగి చూశాడు. గీత మీద గీత.
నేను అప్పుడు నీ వయసువాణ్ణి,
ఆ మూల బల్ల మీద కార్బురేటర్ కడుగుతున్నాను,
తల ఎత్తలేదు.

ఆ తర్వాత ప్రతి నవంబరూ కాగితం ఆవిడే పట్టింది.
నా దగ్గర టైమింగ్ మీటరు ఉంది, మంచిదే,
ముల్లు ఉంది, బ్యాటరీ ఉంది,
పెట్టె మూత తెరవకుండానే ఆరేళ్ళు గడిచాయి.

నాలుగింటికి ఆవిడ వస్తుంది.
కొత్త పొట్లం తనే కొని తెస్తుంది.
కొట్టువాడు ఏమనుకుంటాడోనని
ప్రతిసారీ వాడికి బండి కథంతా చెబుతుంది.
స్టూలు మీద దుమ్ము దులుపు.
దీపం ఆవిడ కుడివైపు పెట్టు,
ఎడమ కంటికి పొర వచ్చింది.
చక్రం నువ్వు తిప్పు.
తొందర లేదు, చీమ నడక.
ఆవిడ "ఇప్పుడు" అనగానే ఆపెయ్.
గీత కేసి చూడకు.

గీత నేను తర్వాత చూస్తాను.