పది ఖాళీ గడులు

మార్కాపురం, రాయవరం రోడ్డు, పలకల ఫ్యాక్టరీ.
నేను జీపు దిగేసరికి పొద్దున ఏడున్నర.
మా పనిలో మొదటి పాఠం చాలా చిన్నది:
చేతులు జేబులో పెట్టుకో, కళ్లతో నడువు.

గొళ్లెం, బీరువా, సొరుగు, దొర్లిన టీ గ్లాసు,
ఒక్కోదాని పక్కన నంబరు చీటీ, స్కేలు.
ముందు దూరం నుంచి ఫోటో, ఆపైన దగ్గర నుంచి.
నేను వంగేలోపే గ్లాసు బల్లెక్కింది.
"కాలికి తగుల్తదని సార్," అన్నాడు గుమస్తా.
నోట్సులో అదీ రాశాను.

ఇక్కడ గాలే బూడిద రంగు.
పలక పొడి కిటికీ ఊచల మీద,
కాలెండరు దేవుడి మీద, కనురెప్పల మీద.
దుమ్ము మీద ఇంకో దుమ్ము చల్లి
మనిషిని వెతకాలి నేను.
ఉడత తోకలాంటి బ్రష్షుతో బీరువా పిడి నిమిరితే
ఒక చక్రం లేచింది, బావిలో చేద పడ్డట్టు.
పక్కనే ఒక నున్నటి మరక, గీతల్లేవు.
సొరుగు అడుగున సగం శంఖం.

"ఆ నున్నటిది కాశింబీదే.
రాత్రి ఊడ్చి తాళం వేసింది ఆమే.
వేళ్లరిగిన చెయ్యి ఇంకెవరిదుంటది?"
యజమాని అప్పటికే తీర్పు చెప్పేశాడు.

గీతల్లేని మరక ఎవరిదైనా కావచ్చు,
తువ్వాలుది, తొడుగుది, వట్టి చెమటది.
నాకు పని నేర్పినాయన
'తెలియదు' అని రాయడం కూడా నేర్పాడు.
అందరికంటే కష్టంగా నేర్చుకున్న మాట అది.

ఇరవై రెండేళ్లు పలకలు కోసిన చేతులు.
రోలరుతో సిరా రాసి ఒక్కో వేలూ
గడిలో ఈ అంచు నుంచి ఆ అంచుకు దొర్లించాను.
పది గడుల్లో పది నల్లటి చుక్కలు,
నేరేడు పళ్లు చిదిపినట్టు.
సంతకం రాదు. వేలిముద్రా పడదు.
ఎంతమంది పిల్లలు అఆలు దిద్దారో
ఆమె కోసిన రాతి మీద.

"రేషన్ మిషనూ ఇంతే సారూ,
మూడు నెల్ల నించి నన్ను నేను కాదంటది."
నవ్వింది. నేను నవ్వలేదు,
ఫారం అడుగున 'పోల్చడానికి పనికిరావు' అని రాస్తున్నాను.

చక్రం గుమస్తాది.
రోజూ బీరువా తెరిచేది అతనే,
కాబట్టి అదీ ఏమీ తేల్చలేదు.
మిగిలింది సగం శంఖం.

ఆమెనైతే ఆ రోజే పనిలోంచి తీసేశారు.

యాభై రోజులకు సీఐ గారు
"మళ్లీ తియ్యండి" అన్నారు.
ఒంగోలు నుంచి రెండు బస్సులు మారి పోయాను.
అదే రోలరు, అదే సిరా, అవే వేళ్లు.
ఈసారి కాగితం మీద
తొలకరికి దున్నిన చేనులా
సన్నగా, మసగ్గా చాళ్లు.
చర్మం ఏదీ మర్చిపోదు, తీరిక దొరకాలంతే.

"ఇయి నాయేనా?"
కాగితం దగ్గరగా పెట్టుకుని చూసింది,
చిన్నప్పటి ఫోటో చూసినట్టు.
సొరుగులో శంఖం ఆమెది కాదు.
అది రెండు లైన్లలో రాశాను.
నున్నటి మరక గురించి
మొదట రాసిన మాటే మళ్లీ రాశాను.

"నిన్న మిషన్లో పచ్చలైటు వచ్చింది సారూ,
బియ్యం ఇచ్చినారు.
దోర్నాల రోడ్డు ఫ్యాక్టరీలో రమ్మంటన్నారు, పోవచ్చా?
మళ్లీ అరిగిపోతే మీకేం ఇబ్బంది లేదు గదా?"

లేదన్నాను.
కిరసనాయిలు గుడ్డ అందించాను.
ఆమె వేళ్లు గట్టిగా తుడుచుకుంటుంటే
మెల్లిగా రుద్దమ్మా అనబోయి
ఊరుకున్నాను.