నాలుగో స్థలం గ్యాస్ పొయ్యి దగ్గర

ఆరున్నరకి పసుపు బస్సు మా సందు మలుపులో
గొంతు చించుకుంటుంది. మాకోసం కాదు.
అయినా ఇన్నయ్య పరిగెత్తుకెళ్లి
దానికి టాటా చెప్పి వస్తాడు,
ఊరెళ్లే చుట్టానికి చెప్పినట్టు, రోజూ.

జపం అయ్యాక చాప పరుస్తాను.
మా బడికి గంట లేదు.
కుక్కర్ మూడో కూతకి లెక్కలు,
వేపచెట్టు నీడ నీళ్ల తొట్టి దాటితే తెలుగు.
మార్చి కదా, చెట్టు పూత రాలుస్తూనే ఉంటుంది
నోటు పుస్తకాల నిండా.
లూర్దు వాక్యం చివర చుక్క పెట్టదు,
ఒక వేపపువ్వు అంటిస్తుంది.
నేను దిద్దలేదు.

లెక్కలు మిర్చి యార్డు నుంచే వస్తాయి.
వాళ్ల నాన్న అక్కడ కాటా గుమాస్తా.
"టిక్కీకి కిలో చొప్పున తడి కింద కోత.
రైతు నూటపది టిక్కీలు తెచ్చాడు. ఎంత పోయింది?"
నూటపది కిలోలు, అంది లూర్దు వెంటనే.
కాసేపాగి అడిగింది,
"అంత కారం ఎవరు తిన్నారమ్మా?"

రాయప్ప రాత్రి గుమ్మం బయటే ఆగిపోతాడు.
చొక్కా దులిపి, తొట్టి దగ్గర
రెండు బకెట్లు పోసుకునేదాకా పిల్లల్ని ముట్టుకోడు.
ఇల్లంతా తుమ్ముతుంది.
నాన్నని అలాగే పలకరించాలేమో అనుకుని
ఇన్నయ్య ఆదివారాలు కూడా తుమ్ముతాడు.

విభూది బుధవారం సాయంత్రం, నొసట బూడిద ఆరకముందే,
తలా ఒకటి విడిచిపెట్టాం.
లూర్దు మిరపకాయ బజ్జీలు. ఆయన బీడీలు.
మా అత్త ఆరోగ్యమ్మ ఒక సీరియలు,
రెండోది మాత్రం కాదు.
ఇన్నయ్య దేవుడి కోసం ఎక్కాలు మానేస్తానన్నాడు.
నేను కేకలెయ్యడం మానేశాను,
గురువారం పొద్దున దాకా.

శౌరి ఏమీ చెప్పలేదు.
వాడు మాటే మానేసి అప్పటికి ఐదు నెలలు.

దసరాకి తెచ్చేసుకున్నాం వాణ్ని హాస్టల్ నుంచి:
ట్రంకుపెట్టె, దుప్పటి, ర్యాంకు కాగితం,
కొరికి కొరికి ఎర్రబడ్డ పది వేలిగోళ్లు.
ఏమడిగినా ఊఁ, లేదంటే ఊహూఁ.
ఆ వారమే కాన్వెంటులో టీచరు పని వదిలేసి
ఈ చాప కొన్నాను.
అత్త మాత్రం చుట్టాలతో ఇప్పటికీ అంటుంది,
"పిల్లలకి సెలవులమ్మా."

మొన్న శుక్రవారం ఇన్నయ్యకి జ్వరం.
సిలువ మార్గానికి గుడికి వెళ్లలేక
ఇంట్లోనే చేసుకున్నాం.
పద్నాలుగు స్థలాలూ లూర్దు బొమ్మలేసి
అన్నం మెతుకులతో గోడలకి అంటించింది.
మొదటిది ఫ్రిజ్ మీద.
మూడోది, ప్రభువు మొదటిసారి పడ్డచోటు,
మేమంతా జారిపడే స్నానాలగది గడప దగ్గర.
ఆరోది దండెం మీద, తువ్వాలు పక్కన.
నాలుగోది, తల్లి ఎదురయ్యే చోటు, గ్యాస్ పొయ్యి పైన.
"అక్కడెందుకే?"
"నువ్వుండేది అక్కడేగా."

ఒక్కోటి ఒక్కొక్కరు చదవాలి.
నాలుగోది నా వంతు.
పొయ్యి మీద గోంగూర పప్పు, చేతిలో గరిటె,
ఆవిరికి కళ్లజోడు మసకేసింది.
నా చేతిలోంచి పుస్తకం ఎవరో తీసుకున్నారు.

చదివాడు.
ఆ గొంతు నేను హాస్టల్‌కి పంపింది కాదు.
వాడి మౌనంలోనే అది విరిగి, బొంగురుపోయి,
మాకెవ్వరికీ చెప్పకుండా పెద్దదైపోయింది.
రెండు వాక్యాలు. మూడోదాని సగంలో ఆగి,
"అమ్మా, అడుగంటుతోంది" అన్నాడు.

నిజమే, మాడిపోయింది.
ఐదో స్థలానికి కాసేపు ఎవరం కదల్లేదు.
లోపల మంచం మీంచి ఇన్నయ్య,
"నానమ్మా, ఎవరో కొత్తాయన వచ్చాడా?"

ఆ పప్పే తిన్నాం, ఎలాగూ తపస్సు కాలమే కదా అని.
శనివారం పొద్దున బస్సు మళ్లీ అరిచింది.
ఇన్నయ్య ఇంకా లేవలేదు.
వీధి తలుపు తీసిన చప్పుడు మాత్రం విన్నాను.
ఎవరో చూద్దామనే అనుకున్నాను,
చేతులనిండా బూడిద, పీచు,
గిన్నె అడుగున మాడు ఇంకా వదల్లేదు.