గంట పుట్టిల్లు

హేరాకాజీ మా డిపోలో రాత్రి బస్సు నడుపుతాడు.
ఆదివారం నన్ను వెంటేసుకుని
క్రాయ్‌డన్ సందుల్లో
ఒక గంట పుట్టిల్లు వెతకబోయాడు.

వాళ్లది కీర్తిపూర్, కొండ మీది నేవారీ ఊరు.
రాతి ఏనుగుల మధ్య మెట్లెక్కితే గుడి.
పిల్లలు ఎక్కకుండా ఏనుగుల వీపున మేకులు.
గుళ్ళో గంట,
దాని నడుం చుట్టూ ఇంగ్లీషులో ఈ ఊరి పేరు.
ఎవరు మోశారో అన్ని కనుమలు దాటించి!

ఇప్పుడక్కడ టూరిస్టుల కోసం కమిటీ వేశారు.
వచ్చినవాళ్లు మెట్ల కిందే ఆగి,
పైకి చూసి,
టీ తాగి పోతున్నారట.
"గంట పుట్టినచోటు ఫొటో పంపు, బోర్డెక్కిస్తాం."

వీధి దొరికింది. కొలిమి లేదు.
సామాన్లు దాచుకునే అద్దె గదులు,
పసుప్పచ్చ షట్టర్లు, నెలకింతని రేట్లు.
కాపలా కుర్రాడు ఒక చెవి హెడ్‌ఫోను జరిపి
"గంటలా? ఇక్కడా?" అన్నాడు.

హేరాకాజీ ఫొటో తియ్యలేదు.
గుడిపక్క టీకొట్టు చీరీమాయకు ఫోన్ చేశాడు.
"వదినా, ఒక్కసారి కొట్టు."
స్పీకరు పెట్టి
ఫోను షట్టరుకేసి పట్టుకున్నాడు.

రేకుడబ్బాలో రాయి పడ్డట్టు
సన్నగా మోగింది.
తర్వాత కాసేపు
ఇనప రేకు వణికిందో, అతని చెయ్యో.

కుర్రాడు రెండో చెవీ ఖాళీ చేసుకున్నాడు.
"ఎలా వెళ్లాలి అక్కడికి?"

"ఎలాగైనా రా.
చివర్న మాత్రం
మెట్లెక్కాలి."