సూది ఆగేదాకా

వృత్తంలో వృత్తం అంటే చాలదు,
అంది ద్రహోమీరా.
జిడ్డుగుడ్డకి వేళ్ళు తుడుచుకుని
చెవి మీది పెన్సిల్ తీసి
పని కాగితం వెనక రెండు సున్నాలు చుట్టింది.
చిన్నది పెద్దదాని కడుపులోనే ఉంది,
కాకపోతే ఓ పక్కకి ఒత్తిగిలి పడుకుంది.
"ఇదీ లోపలే కదా?
పంపుకి బిగించి చూడు.
రెండు నెలలకి కుక్కలా ఏడుస్తుంది."

బ్ర్నో ఊరి అంచున, నది పక్క షెడ్డు.
ఫిబ్రవరి. అద్దాల మీద పెళుసు మంచు.
రదీమ్‌కి పద్దెనిమిదేళ్ళు,
లేత్ ముందు పదకొండో రోజు.
నేను నా బుష్ కోసం
చెక్కపెట్టె మీద కూచున్నవాణ్ణి.

వాళ్ళ భాషలో ఆ మాట
నోట్లో ఇనుప రజను పోసుకుని పలికినట్టుంటుంది.
మూడుసార్లు ప్రయత్నించి మానుకున్నాను.
నాకు బళ్ళో అది ఏకకేంద్రం,
వృత్తలేఖిని ముల్లు గుచ్చిన చిల్లు,
రెండు మార్కులు.
ఇక్కడ దాని మధ్యలో ఒక్క అచ్చు చేరిస్తే
మనసు పెట్టినవాడు అని అర్థమట.

నాలుగు దవడల మధ్య కంచు ముక్క.
డయల్ ముక్కు దానికి ఆనించి
చేత్తో మెల్లగా తిప్పుతాడు కుర్రాడు.
సూది అటు మూడు గీతలు, ఇటు మూడు.
ఒక దవడ వదులు చేసి
ఎదురు దవడ బిగిస్తాడు.
రెండు.
మళ్ళీ బిగింపు. ఎక్కువైంది. నాలుగు.
ఆమె ఏమీ అనదు. టీ చల్లారిపోతోంది.

కేంద్రాన్ని ముట్టుకోమంటే
ఎవరూ ముట్టుకోలేరు.
అక్కడ కంచు లేదు, చిల్లు ఉంది.
లోపలి అంచూ బయటి అంచూ
ఆ లేనిచోటుని నమ్ముకునే తిరగాలి.

పన్నెండింటికి రొట్టె, పందికొవ్వు, ఉల్లిపాయ.
పాయని అడ్డంగా కోసి
"ఇదిగో, అన్నిటికీ ఒకటే కేంద్రం!"
అన్నాడు రదీమ్, గెలిచినట్టు.
ఆమె కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసింది.
నడిమధ్య రెండు మొలకలు, పక్కపక్కనే.
ఎటు మొగ్గాలో తెలీక
చుట్టూ పొరలన్నీ కోలగా సాగిపోయాయి.
"తుక్కు," అంది,
ఉప్పు చల్లుకుని తినేసింది.

మూడున్నరకి సూది వణకడం మానింది.
రదీమ్ ఊపిరి బిగబట్టాడు,
వదిలితే మళ్ళీ కదులుతుందేమోనని.
ఆమె వచ్చి ఒక చుట్టు తిప్పింది,
ఇంకో చుట్టు తిప్పింది,
ఆ మాట అంది.

మధ్యలో ఆ అచ్చు ఉందో లేదో
మోటారు చప్పుడులో నాకు వినపడలేదు.
ముక్క గురించి అందో,
వాడి గురించో.